గాంధీ మహాత్ముడు, నూలు వడికినవారి కూలి

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక మహాపురుషుని చరిత్రమును వ్రాయుమని కార్యవర్గమువారు కోరినపుడు నేను గాంధీ మహాత్ముని పేరు చెప్పితిని. ఆయన కథ తెలియనివారెవరని ఒకరిద్దరు చిరునవ్వు నవ్విరి. వారి మాట కాదనజాలను. దండి యాత్రయు, ఉప్పు సత్యాగ్రహమును, క్విట్టిండియాయు మన ఎఱ్ఱగడ్డ పాఠశాల బాలురకును కంఠస్థములే. అయినను, కట్టిన బట్టను చేతబట్టుకొని, దీనిని ఎవరు వడికిరి, ఎవరు నేసిరి, వారికేమి ముట్టినది అని ముప్పది యేండ్లు విడువక అడిగిన గాంధీ మనలో పెక్కుమందికి పరిచితుడు కాడు. లెక్కలు వ్రాసి బ్రతికినవాడను గనుక నాకు ఆ గాంధీయే ఎక్కువ దగ్గరివాడుగా తోచును. ఆయన జీవితములోని ఆ పాయను మాత్రమే ఇచట వివరించెదను.

మన పురాణములలో బట్టకు కొదువ లేదు. సభాపర్వమున ద్రౌపదికి తెగని వలువలు వచ్చినవి. నేత నేర్చిన భావనాఋషి తామర తూండ్లనుండి తీసిన నారతో దేవతలకు వస్త్రములు నేసెనని పద్మశాలీయులు చెప్పుకొందురు. కాని ద్రౌపది చీరలను నేసినదెవరో వ్యాసుడు చెప్పలేదు, నన్నయయు చెప్పలేదు. దైవదత్తములైన వలువలకు ఆ ప్రశ్న అక్కరలేదు గాబోలు. అంగడిలో కొన్న పంచెకు మాత్రము అక్కరకలదు.

మోహనదాసు కరంచంద గాంధీ 1869 అక్టోబరు 2వ తేదీన కాఠియావాడములోని పోరుబందరున జనించెను. తండ్రి సంస్థాన దివాను. పూర్వులు మాత్రము పచారి సరకులు అమ్ముకొన్న వైశ్యులు. తల్లి పుత్లీబాయి వ్రతనిష్ఠ కలది. 1888లో న్యాయశాస్త్రము చదువుటకు లండనునకు పోయిన ఈ యువకుడు మొదట దొరల వేషమునకు డబ్బు పోసి, త్వరలోనే తెలివి తెచ్చుకొని, కాఫీకి పెట్టిన కానీ మొదలు బండి బాడుగ వరకు ప్రతి వ్యయమును పుస్తకమున వ్రాసి, రాత్రి నిల్వ సరిచూచుకొని గాని నిద్రించెడివాడు కాడు. 1893లో దక్షిణాఫ్రికాకు పోయి, దాదా అబ్దుల్లా సేఠుగారి వ్యాజ్యము చేపట్టగా, అది యంతయు పద్దుల తగవు. జమాఖర్చుల విద్య తనకు తెలియదని గ్రహించి, ఆ విద్యను బోధించు పుస్తకము కొని చదివి నేర్చుకొనెను. బారిష్టరైన తరువాత చిట్టా ఆవర్జాలు నేర్చినవానిని చూచి మావంటివారికి కొంత గర్వము కలుగుట సహజము. 1894లో నెటాలు ఇండియన్ కాంగ్రెసు స్థాపించి, చందా ఇచ్చిన ప్రతివానికి రసీదు, ప్రతి పైసకు పద్దు ఉండవలెనని నియమించెను. ప్రజాధనమునకు లెక్క చూపనివానికి ప్రజాసేవ చేయు అర్హత లేదన్న పట్టుదల ఆయనకు అప్పటినుండియే కలదు.

1915లో స్వదేశమునకు మరలి, అహమ్మదాబాదున ఆశ్రమము నెలకొల్పెను. రాట్నము దేశదారిద్ర్యమునకు మందు అని 1909లో హింద్ స్వరాజ్ వ్రాసిన నాటికి ఆయన మగ్గమును గాని, రాట్నమును గాని కన్నులార చూచి యుండలేదు. ఈ సంగతిని ఆయనయే తరువాత ఆత్మకథలో చెప్పుకొనెను. ఆశ్రమమున మొదట మగ్గములు వేసిరి. నూలు మాత్రము మిల్లునుండి తెచ్చిరి. కొంతకాలమునకు ఆయనకొక సత్యము తోచినది. మిల్లు నూలు నేయుచున్నంతవరకు తాము జీతము లేని మిల్లు గుమాస్తాలమే గాని స్వతంత్రులము కామని. నూలెక్కడిదని అడుగక మగ్గమును మాత్రము పొగడుట, పంట యెవరిదని అడుగక వంటను పొగడుటవంటిది.

రాట్నము కొరకు వెదకుట మొదలయ్యెను. 1917లో గంగాబెన్ మజుందార్ అను విధవరాలు ఆ భారము వహించి, గుజరాతమంతయు గాలించి, బరోడా సంస్థానమున విజాపురములో అటుకలమీద పారవేసిన రాట్నములను కనుగొనెను. అక్కడి స్త్రీలు ఏకులు క్రమముగా ఇచ్చి, వడికిన నూలు కొనువారుండిన వడుకుటకు సిద్ధపడిరి. ఏకులెక్కడివి? బొంబాయి మిల్లు యజమాని ఉమర్ సోబానీ తన మిల్లునుండి పంపెను. మహాత్మునికి ఇదియు నచ్చలేదు. మిల్లు ఏకులు వాడినపుడు మిల్లు నూలు వాడుటలో తప్పేమి, పూర్వులకు ఏకులు ఏ మిల్లు ఇచ్చినది అని తర్కించి, దూదేకువానిని వెదకుమని గంగాబెన్నును మరల పంపెను. నెలకు ముప్పదియైదు రూపాయలకు ఒక దూదేకువాడు కుదిరెను. ముడి దూది మాత్రము బొంబాయిలో యశ్వంతప్రసాదు దేశాయిగారిని అడిగి తెచ్చుకొనిరి. ఇట్లు బట్టనుండి నూలునకు, నూలునుండి ఏకునకు, ఏకునుండి దూదికి ఒక్కొక్క మెట్టే వెనుకకు నడచి, ప్రతి మెట్టున ఎవరి చేయి ఉన్నదో తెలిసికొనిన తరువాతనే ఆయనకు తృప్తి కలిగెను. ఆశ్రమమున తయారైన మొదటి ముతక ఖద్దరు గజము పదునేడు అణాలు పడినది. ఆ ధరను దాచక, సిగ్గుపడక, మిత్రులకు అదే ధరకు అమ్మెను.

ఆ దినములలోనే అహమ్మదాబాదు మిల్లు కూలీల తగవు వచ్చెను. ప్లేగు రోజులలో యజమానులు ఇచ్చిన అధిక భృతి 1918 ఆరంభమున నిలిపివేసిరి. నూటికి ఇరువదికి మించి ఇయ్యలేమని వారు, ఏబది కావలెనని కార్మికులు. గాంధీజీ ఎవరి కోరికను అట్లే పట్టుకొనలేదు. జీవనవ్యయమును, బొంబాయి కూలి రేట్లను, మిల్లుల స్థితిని విచారించి, నూటికి ముప్పదియైదు న్యాయమని నిర్ణయించి, ఏబది అడిగిన కార్మికులనే దిగివచ్చునట్లు ఒప్పించెను. యజమానులలో అగ్రగణ్యుడైన అంబాలాల్ సారాభాయి ఆయన మిత్రుడు, ఆశ్రమమునకు ఉపకారి. ఆయన అక్క అనసూయాబెన్ కూలీల పక్షమున నిలిచెను. సమ్మె సడలుచున్న సమయమున గాంధీజీ ఉపవాసము పట్టెను. మూడు దినములకు రాజీ కుదిరెను. మొదటి దినమున ముప్పదియైదు, రెండవ దినమున ఇరువది, మూడవ దినమునుండి మధ్యవర్తి తీర్పు వరకు ఇరువదియేడున్నర. ఇరుపక్షముల మాట నిలుపుటకు ఇట్టి లెక్క కట్టుట వైశ్యునికే చెల్లును! ఆనందశంకర ధ్రువగారి తీర్పు తుదకు ముప్పదియైదే అయ్యెను. 1920లో ఆ నగరమున బట్టమిల్లు కార్మికుల సంఘము స్థాపింపబడెను.

తరువాతి ఘట్టములు చదువరులకు తెలిసినవే గనుక త్వరగా దాటెదను. 1921 మార్చి ఆఖరున బెజవాడలో కూడిన అఖిల భారత కాంగ్రెసు సంఘము ఇరువది లక్షల రాట్నములు తిరుగవలెనని తీర్మానించెను. ఆ జూలై 31న బొంబాయిలో విదేశీ వస్త్రములు దహింపబడెను. సెప్టెంబరులో మధురలో ఆయన టోపీయు అంగీయు విసర్జించి కొల్లాయి కట్టెను. 1925 సెప్టెంబరున పాట్నాలో అఖిల భారత చరఖా సంఘము పుట్టెను. రాజకీయముల ఒడిదుడుకులకు లోబడక ఖాదీ నడుచుటకు ఏర్పడిన సంస్థ ఇది.

ఈ పనికి ఆంధ్రదేశము పెట్టని కోట. శ్రీకాకుళము జిల్లా పొందూరున స్త్రీలు వాలుగ చేప దవడ ఎముకతో దూదిని దువ్వి, ఇరువదినాలుగు ఆకుల రాట్నముమీద వెండ్రుకవంటి సన్నని నూలు తీయుదురు. ఆ బట్టను చూచి మహాత్ముడు ఆశ్చర్యపడి, పనితీరు తెలిసికొని రమ్మని కుమారుడు దేవదాసును పంపెను. 1929 ఏప్రిలున హైదరాబాదు మీదుగా వచ్చి, దేశభక్త కొండా వెంకటప్పయ్యగారు ఏర్పరచిన క్రమమున ఆరు వారములు ఆంధ్ర జిల్లాల గ్రామములు తిరిగి, ఖాదీ నిధికి రెండున్నర లక్షల రూపాయలకు పైబడి ప్రోగుచేసెను. ఎండ మిక్కుటమైన దినములు. నగలు ఒలిచి ఇచ్చిన స్త్రీలును, అణా కానీలు వేసిన కూలివారును ఉండిరి. ఏ యూర ఎంత వచ్చినదో యంగ్ ఇండియా పత్రికలో ప్రకటింపబడెను.

ఆ యాత్ర ఆరంభమున జరిగిన ఒక సంగతి నా మనస్సున నాటుకొన్నది. ఆశ్రమమున ఒక దగ్గరి బంధువు చిల్లర మొత్తములు అపహరించినట్లును, కస్తూరిబాయి ఎవరో ఇచ్చిన నాలుగు రూపాయలను కార్యాలయమున జమకట్టక తనయొద్ద ఉంచుకొన్నట్లును బయటపడెను. గాంధీజీ ఈ రెండింటిని తన పత్రికలో పేర్లతో సహా ప్రకటించెను. ఒక చేత ఆంధ్రుల లక్షలు అందుకొనుచు, మరియొక చేత భార్య నాలుగు రూపాయల పద్దు లోకమునకు చూపెను. ఇల్లాలి విషయమున ఇంత కాఠిన్యము వలదని నా అభిప్రాయము. అరణ్యకాండ సీత ఎదుట నిలిచినను ఆయన పద్దు అడిగెడివాడేమో! కాని ఖాదీ ధనము ఆయన చేత సురక్షితమని ఆంధ్ర గ్రామీణులు నమ్ముటకు ఇట్టి కాఠిన్యము కారణము కాదనజాలము.

ఖద్దరునకు గిరాకి పెరిగినకొలది కల్తీ పెరిగెను. మిల్లులు ముతక గుడ్డ నేసి ఖద్దరను పేర అమ్మజొచ్చెను. చరఖా సంఘము నిజమైన వర్తకులకు ప్రమాణపత్రము లిచ్చి, అది లేని అంగడిలో కొనవలదని ప్రచారము చేసెను. ప్రభుత్వము కూడ 1934లో ఖద్దరు నామ సంరక్షణ శాసనము చేసెను. చేత వడికి చేత నేసినదియే ఖద్దరు అని శాసనము పలికెను. తులాధారుడను వర్తకుడు తక్కెడ సమముగా పట్టుటయే తన తపమని జాజలి మునికి శాంతిపర్వమున చెప్పిన కథ పెద్దలెరుగుదురు. పేరు, సరకు ఒకటియై యుండుట తక్కెడ ధర్మములో మొదటి మెట్టు. రెండవ మెట్టు ఇంతకంటె కష్టమైనది.

ఆ రెండవ మెట్టు ఇది. ఖద్దరు నిజముగా ఖద్దరే. వడికిన స్త్రీకి ఏమి ముట్టుచున్నది? పదేండ్లపాటు కార్యకర్తలందరు ఖద్దరు ధర తగ్గించుటయే విజయమని తలచిరి. ధర తగ్గిన కొనువారు పెరుగుదురు, కొనువారు పెరిగిన పని పెరుగును. వాదము బాగుగనే ఉన్నది. కాని తగ్గిన ప్రతి కానీయు ఎవరి ఒడినుండి పోయినది? నేతగానికి బేరమాడు నేర్పు కలదు. మగ్గము ఆపి కూర్చుండగలడు. అద్దకమువాడు, చాకలి, బండివాడు తమ రేటు తాము అడుగుదురు. గుడిసెలో కూర్చున్న వితంతువు మాత్రము అడుగదు. దినమంతయు వడికినను ఆమెకు అణా, అణాన్నర. పస్తుండుటకంటె అణా మేలు కదా అని పెద్దలు సమాధానము చెప్పుకొనుచుండిరి.

1934 చివర వార్ధాలో గ్రామపరిశ్రమల సంఘము స్థాపించినపుడు, ఏ చేతిపనికైనను కనీసము ఎంత కూలి ఉండవలెనను విచారము పుట్టెను. ఆ కొలతబద్దను గాంధీజీ తన ఖాదీ మీదనే పెట్టి చూచెను. చూచి కలవరపడెను. పేదల వస్త్రమని తాను దేశమంతట పొగడిన బట్ట పేదస్త్రీకి తిండికి చాలని కూలితో తయారగుచున్నది! లాంకషైరు మిల్లు దోచుకొన్నదని నిందించినవాడు తన సంఘమే అట్టి పని చేయుచున్నదని హరిజన పత్రికలో 1935లో బాహాటముగా వ్రాసెను. ఎనిమిది గంటల పనికి ఎనిమిది అణాలు, అనగా గంటకు ఒక అణా ఉండవలెనని ఆయన కోరిక. వడుకుపని స్త్రీలది గనుక తక్కువ చాలునను మాటను ఆయన అంగీకరింపలేదు. గంట యెవరికైనను గంటయే.

ఖాదీ కార్యకర్తలు గుండెలు బాదుకొనిరి. వారు దుష్టులు కారు. జీవితములు ధారపోసిన త్యాగులు. వారి భయము న్యాయమైనది. కూలి పెరిగిన ధర పెరుగును, ధర పెరిగిన అమ్మకము పడును, అమ్మకము పడిన ఆ వితంతువునకు అణా కూడ పోవును. ఈ చిక్కు నేటి వర్తకశాస్త్రజ్ఞులకు కూడ విడలేదు. గాంధీజీ సమాధానము కఠినముగా ఉండెను. న్యాయమైన ధర ఇయ్యలేని కొనుగోలుదారు వెళ్లిపోయిన పోవుగాక, అన్యాయపు ఖద్దరు వేయి గజములకంటె న్యాయపు ఖద్దరు పది గజములు మేలు అని ఆయన భావము. 1935 అక్టోబరున వార్ధాలో చరఖా సంఘము తీర్మానించెను. ఆ తీర్మానము లెక్క తెలిసినవారు వ్రాసినది. మనిషికి చాలిన పుష్టికర భోజనము ఆ ప్రాంతపు ధరల ప్రకారము ఎంతయగునో, సంవత్సరమునకు ఇరువది గజముల బట్ట ఎంతయగునో కట్టి, ఎనిమిది గంటలు నేర్పుతో వడికిన దానికి తక్కువ కాకుండ ముట్టవలెను. వడుకువారి పేర్లు సంఘపు పుస్తకములకు ఎక్కవలెను. నూలు నంబరు, పటుత్వము పరీక్షింపవలెను. వడుకు స్త్రీ తాను వడికిన ఖద్దరు తానే కట్టునట్లు చూడవలెను. ఎనిమిది అణాలు ఒక్కమారు సాధ్యము కాలేదు. మూడు అణాల దరిదాపున ఆరంభమయ్యెను. అయినను అణాన్నర మూడు అణాలగుట ఆ గుడిసెలో చిన్నమాట కాదు. ఆ కూలితో బ్రతుకవచ్చునా అని వినోబాభావే వార్ధా సమీపమున నాల్వాడిలో తానే వడికి, ఆ రాబడితో జీవించి పరీక్షించెను. 1951లో మన పోచంపల్లి నేతగాండ్ర గ్రామమునకు వచ్చి భూదానము ఆరంభించిన వినోబా ఈయనయే.

ఫలితమెట్లున్నది? 1940వ సంవత్సరపు అంకెలను గాంధీజీ నిర్మాణ కార్యక్రమమను చిన్న పుస్తకమున ప్రకటించెను. 13,451 గ్రామములలో 2,75,146 మందికి వడుకు, నేత మొదలగు పనులకు ముట్టిన మొత్తము 34,85,609 రూపాయలు. నేను భాగించి చూచితిని. తలకు ఏడాదికి పన్నెండు రూపాయల పది అణాల చిల్లర. నెలకు ఒక రూపాయ దాటి ఒక అణా. వీరిలో పెక్కుమంది ఇంటిపని తీరిన వేళలందే వడికినవారు గనుక ఇది పూర్తి దినముల కూలి కాదు. అయినను అంకె చిన్నదే. దానిని పెద్దది చేసి చూపుటకు గాంధీజీ ప్రయత్నింపలేదు. పైసతో సహా ముద్రించి, చదివినవారు భాగించుకొనుటకు వీలుగా విడిచిపెట్టెను. నేను చూచిన వార్షిక నివేదికలలో ఇట్లు విడిచిపెట్టినవి తక్కువ.

దీనికి ముందే, 1931లో, ఆయన రౌండు టేబులు సభకు పోయినపుడు లాంకషైరులోని డార్వెను పట్టణమునకు వెళ్లెను. భారతదేశపు బహిష్కారముచే పని పోయిన మిల్లు కూలీలున్న చోటు అది. తమ కడుపు కొట్టినవాడు వచ్చెనని కోపింపక ఆ కార్మిక స్త్రీలు ఆయన చుట్టుమూగి జయధ్వానములు చేసిన ఛాయాచిత్రము ప్రసిద్ధము. వారి కష్టము ఆయన విన్నాడు. తన దేశపు కోట్ల కష్టము చెప్పినాడు. బట్టకు ఆ కొసనున్న కూలివారును మనుష్యులేయని చూచుటకు సముద్రము దాటి పోయినవాడు మరియొకడు కానరాడు.

1944లో చెరనుండి విడుదలయైన తరువాత మరియొక అడుగు వేసెను. ఖద్దరు ధరలో కొంత భాగము కొనువారు స్వయముగా వడికిన నూలు రూపమున ఇయ్యవలెనని 1945లో నియమము వచ్చెను. పట్టణవాసులు విసుగుకొనిరి, అమ్మకములు తగ్గెను. ఇది అతిగా పోయినదని నా అభిప్రాయము. గుమాస్తాకు, వైద్యునికి వారి వారి పని కలదు. 1947 నవంబరున ఇంగ్లండు రాకుమారి ఎలిజబెత్తు వివాహమునకు ఆయన పంపిన కానుక కూడ తాను వడికిన నూలుతో అల్లిన చిన్న గుడ్డయే. 1948 జనవరి 30న ఢిల్లీలో హంతకుని గుండ్లకు ఆయన కూలెను. ఒంటిమీద ఉన్నది ఖద్దరు.

చరఖా సంఘము 1953లో సర్వసేవా సంఘమున కలిసిపోయెను. 1957లో ఖాదీ గ్రామోద్యోగ కమీషను పని ఆరంభించెను. పొందూరున 1949లో ఏర్పడిన నేత, వడుకు కార్మికుల సంఘము ద్వారా సన్నఖద్దరు నేటికిని వచ్చుచున్నది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశములో ఢాకా సమీపమున రానా ప్లాజా అను భవనము కూలి, విదేశపు అంగళ్లకు దుస్తులు కుట్టుచున్న కూలివారు వేయిన్నూరుమందికి పైగా మరణించిరి. ముందునాడే గోడలు బీటలు వారినవి. పనిలోనికి రమ్మని ఒత్తిడి చేసిరి. శిథిలములలో దొరికిన చీటీలను బట్టి గాని అవి ఏ కంపెనీల దుస్తులో తెలియరాలేదు. ఆ తరువాత అనేక దేశములలో యువజనులు అంగీని తిరగవేసి, దీనిని ఎవరు కుట్టిరని వర్తకులను అడుగజొచ్చిరి. ఆ సంవత్సరమే మన దేశమున ఖాదీ ముద్ర నిబంధనలు వచ్చినవి. ఆ ముద్ర లేని బట్టను ఖాదీయని అమ్మరాదు. ముద్ర పేరును కాపాడును. కూలి సంగతి కొనువారు వేరుగా విచారించుకొనవలసియున్నది.

మహాత్ముని ఆత్మకథ తెలుగు ప్రతి మన గ్రంథాలయమున కలదు. అయిదవ భాగమున 39, 40, 41 ప్రకరణములలో రాట్నము దొరికిన కథయు, ఉమర్ సోబానీతో సంభాషణయు ఉన్నవి. ఆ పుస్తకము ఎప్పుడును ఎవరో ఒకరి ఇంట ఉండును. కావలసినవారు గ్రంథపాలకునియొద్ద పేరు వ్రాయించుకొనగలరు.